హెడ్డు ఎందుకు పోయింది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడ డాక్టర్లు ఉన్నారు, లెక్చరర్లు ఉన్నారు, గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి ఈ సభ కోసమే వచ్చినవాళ్లు ఉన్నారు. ట్రాక్టర్ షెడ్డు నడుపుకునే నన్ను ఏం మాట్లాడమంటారని అడిగితే, "నీ పని గురించే చెప్పు, మాకు తెలియనిది అదే కదా" అన్నారు సంఘం పెద్దలు. అందుకని ఈ రోజు ఇంజన్ హెడ్డు గురించి చెబుతాను. దాన్ని ఎలా పరీక్షిస్తాం, ఎప్పుడు మారుస్తాం, మార్చేముందు ఏం తెలుసుకోవాలి అన్నదే విషయం. మనలో సగం మంది ఇళ్లలో ట్రాక్టర్ ఉంది. మిగతా సగం మందికి కారో, ఆటోనో ఉంది. కాబట్టి ఇది అందరి జేబుకూ సంబంధించినదే.

మన ఆర్మూర్‌లో పసుపు పని ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర లేదు. తవ్విన కొమ్ములను ఉడకబెట్టి, పది పదిహేను రోజులు కల్లంలో ఎండబెట్టి, తర్వాత డ్రమ్ములో వేసి పాలిష్ పడతాం. ఆ డ్రమ్మును తిప్పేది చాలాచోట్ల ట్రాక్టరే. వెనక పీటీవో షాఫ్టుకు డ్రమ్ము తగిలించి, బండిని ఒకేచోట నిలబెట్టి, గంటల తరబడి నడుపుతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా షెడ్డు ముందు వరుస కడుతుంది. పది బండ్లు వస్తే అందులో కొన్నింటికి ఒకటే మాట: "హెడ్డు పోయిందన్నా."

హెడ్డు అంటే ఏమిటో ఒక్క నిమిషంలో చెబుతాను. సిలిండర్ పైన బిగించిన బరువైన మూత అది. గాలి లోపలికి వచ్చే వాల్వు, పొగ బయటికి పోయే వాల్వు, డీజిల్ చిమ్మే నాజిల్ అందులోనే ఉంటాయి. దాని కడుపులో నీళ్లు తిరిగే దారులు ఉంటాయి. హెడ్డుకూ కింది బ్లాకుకూ మధ్య ఒక పలుచటి గ్యాస్కెట్ ఉంటుంది. మా భాషలో హెడ్డు ప్యాకింగ్. ఒకపక్క మంట, ఇంకోపక్క నీళ్లు, మరోపక్క ఆయిల్. ఈ మూడూ ఒకదానిలోకి ఒకటి పోకుండా ఆపేది ఆ పలుచటి ప్యాకింగే.

దాని మీద ఎంత బరువు పడుతుందో మన లెక్కల సారు నేర్పిన పద్ధతిలోనే చూద్దాం. సిలిండర్ వ్యాసం 100 మిల్లీమీటర్లు అనుకోండి. వైశాల్యం దాదాపు 78 చదరపు సెంటీమీటర్లు. డీజిల్ మండినప్పుడు లోపలి ఒత్తిడి 80 బార్ అనుకుంటే, హెడ్డును పైకి తోసే బలం 6 టన్నులు దాటుతుంది. ఇంజన్ నిమిషానికి 1800 చుట్లు తిరుగుతుంటే ఒక్కో సిలిండర్‌లో సెకనుకు 15 సార్లు ఆ దెబ్బ పడుతుంది. ఆ క్షణంలో లోపలి మంట వేడి 2000 డిగ్రీల దగ్గర ఉంటుంది. దానికి రెండు వేళ్ల దూరంలోనే నీళ్లు 80, 90 డిగ్రీల దగ్గర తిరుగుతుంటాయి. నీళ్లు సరిగ్గా తిరిగినంత కాలం ఇనుము ఇదంతా తట్టుకుంటుంది.

నీళ్లు తగ్గినా, ఆగినా ఏమవుతుంది? ఇనుము వేడికి సాగుతుంది. 40 సెంటీమీటర్ల పొడవున్న ఇనుప హెడ్డు ఉండాల్సిన దానికన్నా 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే దాదాపు 0.44 మిల్లీమీటర్లు సాగాలని చూస్తుంది. అల్యూమినియం హెడ్డయితే దానికి రెట్టింపు. కానీ బోల్టులు దాన్ని కింద పట్టి ఉంచాయి. సాగే చోటు లేనప్పుడు అది వంగుతుంది. వాల్వుల మధ్య ఇనుము సన్నగా ఉన్నచోట పగులుతుంది. వంగినచోట ప్యాకింగ్ మీద పట్టు తప్పుతుంది, మంట అక్కడినుంచి దారి చేసుకుంటుంది. దాన్నే మనం "హెడ్డు పోయింది" అంటున్నాం.

ఇక పరీక్షకు వద్దాం. మొదటి సంగతి, హెడ్డు విప్పకముందే చేయాల్సిన పరీక్షలు ఉన్నాయి. బండి చల్లారేదాకా రేడియేటర్ మూత తీయవద్దు. ఆ మూత కింద నీళ్లు ఒత్తిడిలో ఉంటాయి. ఒక బార్ ఒత్తిడి ఆపే మూత ఉంటే నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవు. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోయి అన్నీ ఒకేసారి మరిగి మొహం మీదికి చిమ్ముతాయి. మూత తీసేవాడు తొందరలో ఉంటాడు, నీళ్లు వాడికంటే తొందరలో ఉంటాయి.

చల్లారాక ఆయిల్ కొలపుల్ల తీసి చూడాలి. ఆయిల్ పాలు కలిపిన చాయలా ఉంటే నీళ్లు కలిసినట్టు. కానీ నీళ్లు కలిసినంత మాత్రాన హెడ్డే కారణం అని చెప్పలేం. లైనర్ కింద ఉండే రబ్బరు రింగులు పోయినా, ఆయిల్ కూలర్ ఉన్న ఇంజన్‌లో ఆ కూలర్ చిల్లు పడినా ఆయిల్ అలాగే అవుతుంది. బండి స్టార్ట్ చేసి రేడియేటర్‌లో బుడగలు వస్తున్నాయా చూడాలి. ఇంకా వేడెక్కకముందే పై గొట్టం రాయిలా గట్టిపడితే సిలిండర్ గాలి నీళ్లలోకి పోతున్నట్టు అనుమానించాలి.

అన్నిటికన్నా నమ్మకమైనది గాలి పరీక్ష. పిస్టన్‌ను కంప్రెషన్ పై చివరన నిలిపి, ఇంజన్ తిరగకుండా కట్టడి చేసి, నాజిల్ రంధ్రం గుండా కంప్రెసర్ గాలి ఎక్కించాలి. అప్పుడు చెవి పెట్టి వినాలి. సైలెన్సర్‌లో బుస వినిపిస్తే పొగ వాల్వు పట్టడం లేదు. ఎయిర్ క్లీనర్ దగ్గర వినిపిస్తే గాలి వాల్వు పట్టడం లేదు. ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు అరిగాయి. రేడియేటర్‌లో బుడగలు లేస్తే ప్యాకింగో, పగులో. పక్కపక్క సిలిండర్లు రెండింటిలోనూ కంప్రెషన్ తక్కువుంటే ఆ రెండింటి మధ్య ప్యాకింగ్ కాలి ఉండవచ్చు. ఒక్క బోల్టు విప్పకుండానే సగం సంగతి తెలిసిపోయింది చూశారా?

ఒక రైతు బండి సంగతి చెబితే మిగతాది తేలికగా అర్థమవుతుంది. మూడు సిలిండర్ల ట్రాక్టర్. ఒకే సీజన్‌లో వేరేచోట రెండుసార్లు హెడ్డు ప్యాకింగ్ మార్చారు. రెండుసార్లూ కొద్దిరోజులే నడిచింది. మూడోసారి బండిని మా దగ్గరికి లాక్కొచ్చాడు.

"అన్నా, ఇగ కొత్త హెడ్డే ఎయ్యాల్నంటున్నరు. పసుపు కల్లంల ఉన్నది, మొగులు అయితున్నది. పైసలు ఎంతైనా సరే, రేపు పొద్దుగాలకల్ల బండి నడవాలె" అన్నాడు.

"కొత్తది ఏద్దాం కాకా, కని పాతది ఎందుకు పోయిందో సూడకుండ ఏస్తే అది గుడ పోతది. నాకు రెండు రోజులియ్యి" అన్నాను.

మొదట నీళ్లు దించి, ఇంజన్ పూర్తిగా చల్లారాక హెడ్డు విప్పాం. వేడిమీద విప్పితే బాగున్న హెడ్డు కూడా వంగవచ్చు. బోల్టులు విప్పేటప్పుడు రెండు చివరల నుంచి మధ్యకు రావాలి, అదీ కొద్దికొద్దిగా. ఒకేచోట పూర్తిగా వదిలితే భారమంతా పక్కదాని మీద పడుతుంది. తీసిన ప్యాకింగ్‌ను మేం పారేయం. అది సాక్షి. ఎక్కడ నల్లబడిందో, ఎక్కడ కాలిందో అది చెబుతుంది. ఆ బండి ప్యాకింగ్ మూడో సిలిండర్ దగ్గర కాలి ఉంది. ఆ ఇంజన్‌లో నీళ్ల పంపుకు అన్నిటికంటే దూరంగా ఉండేది ఆ మూడోదే.

హెడ్డును శుభ్రం చేశాక కొలత తీయాలి. దానికి రెండు పనిముట్లు చాలు. ఒకటి స్ట్రెయిట్ ఎడ్జ్, అంటే తేడా లేకుండా నున్నగా తీసిన ఉక్కు బద్ద. రెండోది ఫీలర్ గేజ్, అంటే రకరకాల మందాల రేకుల కట్ట. బద్దను హెడ్డు మీద నిలువుగా రెండు అంచులకు, మధ్యలో, అడ్డంగా, మూలనుంచి మూలకు రెండు వైపులా పెట్టి చూడాలి. బద్ద కింద ఏ రేకు దూరుతుందో అదే వంపు. ఎంత వంపు వరకు ఫరవాలేదో కంపెనీ పుస్తకంలో రాసి ఉంటుంది. చాలా ఇంజన్లకు అది 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. 0.10 అంటే మన నోటుబుక్కు కాగితం మందం. ఆ ఒక్క కాగితం మందానికే వేల రూపాయల నిర్ణయం వేలాడుతుంది. కంటితో చూసి చెప్పేది కాదిది.

ఆ బండి హెడ్డు మధ్యలో 0.20 రేకు దూరింది. పుస్తకంలో గరిష్ఠం 0.10. అంటే రెండుసార్లు ప్యాకింగ్ మార్చినా ఎందుకు నిలవలేదో అక్కడే తెలిసింది. వంగిన హెడ్డు కింద ఎంత కొత్త ప్యాకింగ్ పెట్టినా అది కాలుతుంది.

వంపు ఒక్కటే అయితే లేత్ షాపులో ఫేసింగ్ చేయించి సరిచేయవచ్చు. దానికీ హద్దు ఉంది. ఎక్కువ చెక్కితే వాల్వులు పిస్టన్‌కు దగ్గరవుతాయి. డీజిల్ ఇంజన్‌లో ఆ సందు మొదటే చాలా తక్కువ. కొన్ని కంపెనీలు అసలు చెక్కవద్దనే అంటాయి. చెక్కే ముందు హెడ్డు ఎత్తు కొలవాలి, చెక్కాక వాల్వులు ఎంత లోపలికి ఉన్నాయో కొలవాలి.

తర్వాత పగుళ్ల పరీక్ష. ఎర్రటి రంగు ద్రవం చల్లి, కాసేపు ఆగి, తుడిచి, తెల్లటి పొడి చల్లితే పగులు ఉన్నచోట ఎర్ర గీత తేలుతుంది. లోపలి పగుళ్ల కోసం నీటి దారులన్నీ పట్టీలతో మూసి, గాలి ఎక్కించి, వేడినీళ్ల తొట్టిలో ముంచుతారు. బుడగ వచ్చినచోట పగులు. ఆ హెడ్డుకు మూడో సిలిండర్ రెండు వాల్వుల మధ్య ఎర్ర గీత తేలింది, తొట్టిలో అక్కడినుంచే బుడగలు వచ్చాయి. కాబట్టి దానికి ఫేసింగ్ పనికిరాదు, మార్చాల్సిందే. రైతుకు ఆ గీతను చూపించాను. ఆయన వేలు పెట్టి తడిమి, తల ఊపాడు. డబ్బు ఎందుకు పెడుతున్నాడో ఆయనకు అర్థమైంది.

వాల్వులు పడతాయో లేదో చూడడం ఇంకా తేలిక. హెడ్డును దారుల నోళ్లు పైకి ఉండేటట్టు పెట్టి, వాల్వుల వెనక దారుల్లో కిరోసిన్ పోసి కాసేపు వదలాలి. వాల్వు ముఖం వైపు తడి కనిపిస్తే సీటు పట్టడం లేదు. వాల్వు కాడను గైడులో అటూ ఇటూ ఊపి చూడాలి, ఎక్కువ ఊగితే గైడు అరిగింది. కొత్త హెడ్డుకైనా ఈ పరీక్ష చేయాలి. డబ్బాలోంచి తీసింది కదా అని కొలవకుండా బిగించవద్దు. బద్ద పెట్టడానికి పది నిమిషాలు పడుతుంది.

హెడ్డు చూసి బ్లాకును మరిచిపోతే పని సగమే. బద్దను బ్లాకు మీద కూడా పెట్టాలి. లైనర్లు ఉన్న ఇంజన్‌లో ప్రతి లైనర్ బ్లాకు కంటే వెంట్రుకవాసి పైకి లేచి ఉండాలి. ఎంత లేవాలో పుస్తకంలో ఉంటుంది. ఒక్క లైనర్ కిందికి దిగి ఉన్నా అక్కడ ప్యాకింగ్ మీద పట్టు ఉండదు, ఆ సిలిండరే మళ్లీ కాలుతుంది. బోల్టు రంధ్రాల్లో నిలిచిన నీళ్లు, ఆయిల్ గాలితో ఊదాలి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో ద్రవం ఉండగా బోల్టు బిగిస్తే దానికి పోయే దారి లేక బ్లాకే పగలవచ్చు.

బిగించేటప్పుడు వరుస తిరగబడుతుంది. విప్పేటప్పుడు చివర్ల నుంచి మధ్యకు వచ్చాం, బిగించేటప్పుడు మధ్యనుంచి చివర్లకు పోవాలి. ఒకేసారి కాకుండా రెండు మూడు విడతల్లో బిగించాలి. దీనికి టార్క్ రెంచి తప్పనిసరి. చాలామంది "నా చేతికి తెలుసు" అంటారు. చేతికి ఎందుకు తెలియదో చెబుతాను. మనం రెంచి మీద పెట్టే బలంలో దాదాపు 90 పాళ్లు బోల్టు తల కింద, మరల మధ్య రాపిడికే పోతుంది. హెడ్డును పట్టి ఉంచేది మిగిలిన 10 పాళ్లే. మరల్లో మట్టి ఉంటే ఆ పదీ అయిదవుతుంది, చేతికి మాత్రం గట్టిగానే ఉన్నట్టు తెలుస్తుంది. అందుకే మరలు శుభ్రం చేసి, పుస్తకం చెప్పినట్టు ఆయిల్ రాసి, రెంచి చూపిన అంకెకు బిగించాలి. కొన్ని ఇంజన్ల బోల్టులు ఒకసారి సాగితే మళ్లీ పనికిరావు, కొత్తవే వేయాలి. చివరికి ట్యాపెట్ల సందు పెట్టాలి. కొన్ని ఇంజన్లకు కొంతసేపు నడిచాక బోల్టులు మళ్లీ బిగించాలి.

ఇంతవరకు చేస్తే హెడ్డు మారింది. కానీ ఆ రైతు బండి వేడెక్కింది ఎందుకు? కారణం బండి ముందు భాగంలో దొరికింది. రేడియేటర్ జాలీ ఊడదీసి చూస్తే పసుపు పొట్టు, దుమ్ము నూనెతో కలిసి పేడలా అతుక్కుని ఉన్నాయి. డ్రమ్ము తిరిగేటప్పుడు కొమ్ముల పొట్టు లేస్తుంది. ఫ్యాన్ దాన్ని లాక్కుంటుంది. బండి రోడ్డు మీద పోతే గాలి తగులుతుంది, కల్లంలో ఒకేచోట నిలబడితే ఫ్యాన్ ఒక్కటే దిక్కు. ఎర్రజొన్న, మక్క, సోయా నూర్పిడిలోనూ ఇంతే. లోపల చూస్తే గొట్టాల నిండా తెల్లటి పొక్కు. బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టే సున్నమే అది. ఇనుములోంచి పోయినంత తేలికగా సున్నంలోంచి వేడి పోదు. అంటే బయట గాలి దారి మూసుకుంది, లోపల నీటి దారి మూసుకుంది. పంపుకు దూరంగా ఉన్న మూడో సిలిండర్ ముందు పడిపోయింది. ఇవి చూడకుండా మూడోసారి హెడ్డు వేసినా, నాలుగోసారి మళ్లీ వచ్చేవాడు.

రేడియేటర్ శుభ్రం చేయించి, థర్మోస్టాట్‌ను వేడినీళ్లలో వేసి తెరుచుకుంటుందో లేదో చూసి, ఫ్యాన్ బెల్టు మార్చి, నాజిళ్లు పరీక్షకు పంపి, అప్పుడు కొత్త హెడ్డు బిగించాం. నాజిల్ చిమ్మకుండా కారితే మంట ఒకేచోట పడి కొత్త హెడ్డు కూడా కాలుతుంది.

ఇక్కడున్న రైతు కుటుంబాలకు నాలుగు మాటలు. డ్రమ్ము నడిపేటప్పుడు గాలి బండి ముందునుంచి డ్రమ్ము వైపు వీచేటట్టు బండిని నిలపండి, పొట్టు వెనక్కి పోతుంది. రోజూ పని అయ్యాక రేడియేటర్‌ను లోపలివైపు నుంచి బయటికి గాలితో ఊదండి. బోరు నీళ్లు పోయకండి, కంపెనీ చెప్పిన కూలెంట్ పోయండి. వేడి ముల్లు ఎర్ర గీత దగ్గరికి వస్తే ముందు భారం తీసేయండి, కాసేపు నెమ్మదిగా తిరగనిచ్చి ఆపండి. వేడెక్కిన ఇంజన్‌లో చల్లనీళ్లు కుమ్మరించవద్దు. పగులు చాలాసార్లు అక్కడే పుడుతుంది.

2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు మొదలైంది, ప్రధాన కార్యాలయం మన నిజామాబాద్‌లోనే. ధర గురించి, రకాల గురించి, ఎగుమతి గురించి మాట్లాడుకునే చోటు దగ్గరకొచ్చింది, సంతోషం. కానీ కల్లంలో కొమ్ములు ఎండి, డ్రమ్ము ఆగి, మొగులు పట్టిన రోజు రైతు పోగొట్టుకునేది ఏ ధరల పట్టికలోనూ కనిపించదు. ఆ రోజు ఆయనకు దిక్కు మెకానిక్ మాటే. "హెడ్డు పోయింది" అనే మాటకు వెనక ఒక కొలత లేకపోతే, ఆయన మా ఊహకు డబ్బు కడుతున్నట్టే. అందుకే మా షెడ్డులో ప్రతి హెడ్డు కొలతా కాగితం మీద రాసి బండి యజమానికి ఇస్తాం. ఎంత వంపు ఉంది, పుస్తకం ఎంత వరకు ఒప్పుకుంటుంది, పగులు ఎక్కడ ఉంది, కారణం ఏమిటి. మీరు ఏ షెడ్డుకు పోయినా ఈ నాలుగూ అడగండి. మంచి మెకానిక్ ఆ ప్రశ్నకు నొచ్చుకోడు.

చివరగా మన సంఘానికి ఒక విన్నపం. వెర్నియర్ కాలిపర్స్‌ను, స్క్రూ గేజ్‌ను మనం మొదట పట్టుకున్నది బడి ప్రయోగశాలలోనే. ఒక చిన్న గోళీ వ్యాసం మూడుసార్లు కొలిపించి, సరాసరి రాయించేవారు. ఎందుకు మూడుసార్లు అని విసుక్కునేవాళ్లం. ఆ మూడోసారి కొలవడమే ఇప్పుడు నాకు అన్నం పెడుతోంది. స్వర్ణోత్సవ నిధిలోంచి మన బడికి ఒక స్ట్రెయిట్ ఎడ్జ్, ఒక ఫీలర్ గేజ్, ఒక టార్క్ రెంచి కొనిద్దాం. పాడైన హెడ్డు ఒకటి నేను తెచ్చి పెడతాను. సంవత్సరానికి ఒకరోజు ఫిజిక్స్ సారుతో కలిసి పదో తరగతి పిల్లల చేత దాన్ని కొలిపిస్తాను, ఆడపిల్లల చేత కూడా. వాళ్లలో ఎవరు ఇంజనీరు అవుతారో, ఎవరు షెడ్డు పెడతారో, ఎవరు పసుపు పండిస్తారో మనకు తెలియదు. ఎవరైనా సరే, కొలవకుండా డబ్బు కట్టరు, కట్టించుకోరు.